ఇరవై మీటర్ల తీగ, పది వాట్ల సెట్టు: డాబా ఇంట్లోంచి హ్యామ్ రేడియో

లైసెన్సు తీసుకుని, సరదా కోసం ఇంటి నుంచే రేడియోలో ఇతరులతో మాట్లాడటమే హ్యామ్ రేడియో. ఇంట్లో హ్యామ్ స్టేషన్ పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ సెట్టు కొనాలి?" అని. నా అనుభవంలో ఆ ప్రశ్న అన్నిటికన్నా చివర రావాలి. పది వాట్ల సెట్టుకీ వంద వాట్ల సెట్టుకీ తేడా పది డెసిబెళ్లు (సిగ్నల్ బలాల నిష్పత్తికి కొలత). రిసీవరు మీద సిగ్నల్ బలం చూపే మీటరులో ఒక్కో గీతను ఎస్ యూనిట్ అంటారు. అది ఆరు డెసిబెళ్లు కాబట్టి, అవతలి స్టేషన్ మీటరు మీద ఆ తేడా రెండు గీతలు కూడా ఉండదు. మన ఇంట్లో బల్బులూ చార్జర్లూ కలిసి పుట్టించే రొద మీటరు మీద ఎస్-8 దగ్గర నిలబడి ఉందనుకోండి. దాన్ని ఎస్-4కి దించగలిగితే ఇరవై నాలుగు డెసిబెళ్లు లాభం. అవతల మాట్లాడే ప్రతివాడూ మన కోసం తన పవరు 250 రెట్లు పెంచినంత అన్నమాట. ఊళ్లో ఇళ్ల మధ్య ఉండి చేసే రేడియోలో ముందు చెవి బాగుపడాలి, గొంతు సంగతి తర్వాత. అందుకే నేను పని మొదలుపెట్టింది స్విచ్చుబోర్డు దగ్గర.

ముందు లైసెన్సు సంగతి చెప్పేస్తాను. వినడం ఎలా ఉన్నా, అది లేకుండా మైకు నొక్కకూడదు. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెడుతుంది, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. పన్నెండేళ్లు నిండితే రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు. మొదటిదానికి వీయూ3తో, రెండోదానికి వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే గాలిలో మన స్టేషన్ పేరు, ఇస్తారు. జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ (చుక్కలూ గీతల సంకేతభాష) కూడా రావాలి. సిలబస్‌లో భయపడాల్సిందేమీ లేదు: ఓమ్ సూత్రం, రెజొనెన్స్, సూపర్‌హెట్ రిసీవర్ బ్లాకులు, మాడ్యులేషన్ రకాలు, యాంటెన్నాలు, క్యూ కోడ్‌లు, నిబంధనలు. ఇంటర్ ఫిజిక్స్ చదివినవారికి నిబంధనల భాగమే కొత్తగా ఉంటుంది. దానికే ఎక్కువ సమయం ఇవ్వాలి. హైదరాబాదులో 1983లో మొదలైన ఎన్‌ఐఏఆర్, అంటే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ, మన రెండు రాష్ట్రాల్లో చాలామందికి ఈ హాబీని పరిచయం చేసింది.

కాల్‌సైన్ చేతికొచ్చేలోపు ఉన్న సమయాన్ని రొద వేటకు వాడుకున్నాను. కావలసినవి మూడే: బ్యాటరీ మీద నడిచే షార్ట్‌వేవ్ రిసీవరు, కిటికీలోంచి బయటికి వేసిన అయిదారు మీటర్ల తీగ, ఒక నోట్‌బుక్కు. రిసీవరు బ్యాటరీ మీదే నడవాలి. గోడ ప్లగ్గులో పెడితే దాని అడాప్టరే దొంగల్లో ఒకటి కావచ్చు. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర, ఎవరూ మాట్లాడని చోట పెట్టి, ఇంటి మెయిన్ స్విచ్ ఆపేయాలి. ఇన్వర్టరు ఉంటే దాన్ని కూడా ఆపాలి, లేకపోతే సగం ఇల్లు ఇంకా వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు మీటరు చూపించేది బయటి రొద. ఇక ఎంసీబీలు ఒక్కొక్కటే పైకి లేపుతూ, ప్రతిసారీ అంకె రాసుకోవాలి. ఏ ఎంసీబీతో మీటరు ఎగిరిందో ఆ లైన్లో ఉన్న వస్తువుల ప్లగ్గులు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గే పీకాలి. కొన్ని వస్తువులు ఆపి ఉన్నా లోపల సప్లై నడుస్తూనే ఉంటుంది.

మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద దొంగ ఇంటర్నెట్ డబ్బా అడాప్టరు. తర్వాత వంటింట్లో ఒక ఎల్‌ఈడీ ట్యూబు, ఆ తర్వాత సెట్‌టాప్ బాక్సు. ఒక్కోదానికి ఒక్కో గొంతు ఉంటుంది, వారం రోజుల్లో చెవికి పట్టుబడుతుంది. ఎస్‌ఎంపీఎస్ (వేగంగా స్విచ్ అవుతూ వోల్టేజి మార్చే రకం) అడాప్టరు రొద బ్యాండంతా ఒకేలా ఉండదు. కొన్ని పదుల కిలోహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున మూపురాల్లా వస్తుంది. లోడు మారినా వేడెక్కినా ఆ మూపురాలు మెల్లగా జరుగుతాయి. బుర్రుమని ఒకే శ్రుతిలో ఉండేది 100 హెర్ట్జ్ రొద, 50 హెర్ట్జ్ కరెంటు నుంచి పుట్టిన ఏ పరికరానిదైనా కావచ్చు. చిటపటమంటూ ఎండాకాలం పెరిగి, వాన పడగానే ఆగిపోయేది సాధారణంగా కరెంటు స్తంభం మీద వదులైన కనెక్షన్‌దో, దుమ్ము పట్టిన ఇన్సులేటర్‌దో. దాన్ని మనం ముట్టుకోకూడదు. స్తంభం నంబరు రాసి లైన్‌మన్‌కు చెప్పడమే. ఫ్యాన్ రెగ్యులేటర్లలో కెపాసిటర్ రకం మౌనంగా ఉంటుంది, ట్రయాక్ రకం గోల చేస్తుంది.

కరెంటు పోతే విసుక్కోకుండా రిసీవరు తీయండి. వీధంతా చీకటైన ఆ కొద్ది నిమిషాలు మీ చోటు అసలు ఎంత నిశ్శబ్దమో చెబుతాయి. మా వీధిలో ఆ సమయంలో అంకె ఎస్-2. అంటే ఎస్-2 వరకూ దిగే అవకాశం ఉంది, ఆ పైన ఉన్నదంతా ఇళ్లల్లోంచి వస్తున్నదే. నాకు అదే లక్ష్యంగా నిలిచింది.

చికిత్స సులువు. అడాప్టరు బదులు పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సప్లై పెట్టడం, లేదా ఆ డబ్బాను 12 వోల్టుల బ్యాటరీ మీద నడపడం. ఎల్‌ఈడీ ట్యూబు మార్చేయడమే. మార్చలేనివాటి తీగకు ఫెర్రైట్, అంటే రేడియో రొదను అడ్డుకునే అయస్కాంత పదార్థపు ముక్క, తొడగాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. క్లిప్ ఫెర్రైట్ లోంచి తీగను ఒక్కసారి పోనిచ్చి "పనిచేయలేదు" అంటారు. ఫెర్రైట్ ఇచ్చే అడ్డు చుట్ల సంఖ్య వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. ఒక చుట్టు కన్నా మూడు చుట్లు దాదాపు తొమ్మిది రెట్లు పనిచేస్తాయి. 7 మెగాహెర్ట్జ్‌లో అయిదు నుంచి ఎనిమిది చుట్లు లేకుండా ఫలితం ఆశించవద్దు. వస్తువుకు వీలైనంత దగ్గరగా చుట్టాలి, మధ్యలో మిగిలిన తీగ యాంటెన్నాలా ప్రసరిస్తుంది.

ఇక తీగ. 40 మీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఫ్రీక్వెన్సీల పట్టీని 40 మీటర్ల బ్యాండు అంటారు, అది మన దగ్గర 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకు. కొత్తవారికి ఇంతకన్నా మంచి బ్యాండు లేదని నా గట్టి అభిప్రాయం. పగలు పక్క జిల్లా నుంచి పక్క రాష్ట్రాల దాకా, రాత్రి ఖండాల దాకా దొరుకుతుంది. హాఫ్‌వేవ్ డైపోల్ అంటే సగం తరంగం పొడవున్న, నడుమ కేబులు కలిపే తీగ యాంటెన్నా. దాని పొడవు మీటర్లలో కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించాలి. 7.1కి 20.14 మీటర్లు, సగానికి 10.07. ఇది వట్టి రాగితీగ లెక్క. మనం కొనేది ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల పీవీసీ వైరు, 90 మీటర్ల చుట్టగా దొరుకుతుంది. పీవీసీ తొడుగు వల్ల అదే పొడవు మూడు శాతం దాకా కింది ఫ్రీక్వెన్సీలో పలుకుతుంది. అయినా పొట్టిగా కోయకండి. పొడుగు తీగను కత్తిరించడం నిమిషం పని, పొట్టి తీగకు అతుకు వేస్తే ఆ అతుకే రెండేళ్లలో తుప్పు పడుతుంది. ఒక్కో వైపు 10.3 మీటర్లు కోశాను.

రెండంతస్తుల డాబా, నేల నుంచి శ్లాబు సుమారు ఏడు మీటర్లు. మధ్యలో ఆరు మీటర్ల జీఐ పైపు నిలబెట్టి, మూడు దిక్కులా నైలాన్ తాళ్లతో బిగించాను. పైపు కొసన డైపోల్ నడుము, రెండు చేతులూ ఎదురెదురు మూలలకు వాలుగా. దీన్నే తిరగేసిన వీ అంటారు. డాబా కర్ణం 15 మీటర్లు కాబట్టి మధ్య నుంచి మూలకు ఏడున్నర. ఆరు మీటర్ల ఎత్తు నుంచి రెండు మీటర్ల ఎత్తుకు దిగితే వాలు పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. మిగిలిన 1.8 మీటర్లను మూలల్లో కట్టిన వెదురుబొంగుల మీదుగా పిట్టగోడ వెంట పక్కకు తిప్పాను. కొస వంగితే యాంటెన్నా పాడవదు. కరెంటు ఎక్కువగా పారేది నడుము దగ్గర, కొసల్లో ఉండేది వోల్టేజి. అందుకే నడుము ఎత్తుగా, తిన్నగా ఉండాలి, కొసలు చేతికి అందకుండా ఉండాలి. బట్టలారేసే తీగ అనుకుని ఎవరైనా పట్టుకుంటే చెయ్యి చురుక్కున కాలుతుంది. చేతుల మధ్య కోణం 90 డిగ్రీలకు తగ్గనివ్వకండి. నా లెక్కలో 124 వచ్చింది. కొసలు శ్లాబుకు మరీ దగ్గరైతే లోపలి ఇనుప చువ్వల ప్రభావంతో రెజొనెన్స్, అంటే తీగ పలికే ఫ్రీక్వెన్సీ, కిందికి జారుతుంది.

ఒక్క మాట మాత్రం వంద సార్లైనా చెబుతాను. పైపు ఎటు పడినా కరెంటు తీగలకు తగలని చోటే నిలబెట్టాలి. "పడదులే" అన్న లెక్క పనికిరాదు. పైపు పొడవుకు తీగ పొడవు కూడా కలిపి చూసుకోండి. ఎత్తేటప్పుడు ఇద్దరు ఉండాలి, గాలి రోజు వద్దు.

ఇన్సులేటర్లకు స్తంభాల స్టే వైర్లకు వాడే గుడ్డు ఆకారపు పింగాణీవి అద్భుతంగా పనికొస్తాయి. లేకపోతే అరంగుళం పీవీసీ గొట్టం ముక్కకు రెండు చిల్లులు వేసినా చాలు. నడుము దగ్గర చిన్న పీవీసీ జంక్షన్ బాక్సు, అందులో ఎస్‌ఓ-239 సాకెట్టు. తీగ బరువు సోల్డర్ మీద పడకూడదు. ముందు బాక్సు చిల్లుల్లో ముడి వేసి, ఆ తర్వాత వదులుగా ఉన్న కొసను సోల్డర్ చేయాలి. కోతులు తిరిగే ఊళ్లలో తాళ్లు కాస్త వదులుగా ఉంచితే మేలు. బిగుతు తాడు మీద కోతి వేలాడితే ఏదో ఒకటి తెగుతుంది.

యాంటెన్నా నుంచి సెట్టుకు కేబులుగా, నడుమ తీగ, చుట్టూ అల్లిక ఉన్న ఆర్‌జీ-58 ఇరవై మీటర్లు వాడాను. 7 మెగాహెర్ట్జ్‌లో అది తినేది ఒక డెసిబెల్ లోపే. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 చవక, 75 ఓములు, డైపోల్‌కు విద్యుత్ పరంగా చక్కగా నప్పుతుంది. కాని దాని అల్లిక అల్యూమినియంది, సోల్డర్ అంటదు. ఎఫ్ కనెక్టర్లతోనే పని కానివ్వాలి. సోల్డర్ అంటించబోయి లోపలి నురగను కరిగించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

నడుము బాక్సులోనే చోక్, అంటే కేబులు పైపొర మీద కరెంటును ఆపే చుట్ట, పెట్టాలి. దీన్ని వదిలేస్తే రొద వేట అంతా వృథా. డైపోల్ రెండు చేతులూ సమానంగా ఉన్నా, కేబులు పైపొర మూడో చేతిలా మారి, ఇంట్లో మిగిలిన రొదనంతా పీల్చి రిసీవర్లో పోస్తుంది. ఎఫ్‌టీ240 సైజు ఫెర్రైట్ రింగు, 31 లేదా 43 రకం, దాని మీద ఆర్‌జీ-58 పన్నెండు చుట్లు. రింగు బయటి వ్యాసం 61 మిల్లీమీటర్లు ఉంటుంది, పన్నెండు చుట్లు ఇబ్బంది లేకుండా పడతాయి. కేబుల్‌ను మరీ బిగించి వంచితే లోపలి తీగ ప్లాస్టిక్‌లోంచి పక్కకు జరిగి, ఎండాకాలం అల్లికకు తగులుతుంది. రింగు కొనేటప్పుడు రకం అడిగి తీసుకోవాలి. పాత కంప్యూటర్ సప్లైల్లో దొరికే పసుపు-తెలుపు రింగులు ఇనుప పొడివి, ఈ పనికి రావు. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో కనెక్టర్లు, కేబులు, ఎనామిల్ తీగ వెతుక్కోవచ్చు. ఈ పెద్ద ఫెర్రైట్ రింగును మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లడం మంచిది.

ట్యూనింగుకు నానోవీఎన్ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) ఉంటే అరగంట పని. ముందు దాన్ని క్యాలిబ్రేట్ చేయాలి: ఓపెన్, షార్ట్, లోడ్, ఈ మూడూ కేబులు తగిలించే చోటే. వాడబోయే ఫ్రీక్వెన్సీ పరిధి పెట్టిన తర్వాతే క్యాలిబ్రేషన్. పరిధి మారిస్తే మళ్లీ చేయాలి. నాకు మొదటి కొలతలో ఎస్‌డబ్ల్యూఆర్ (పవరు ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ తిరగనట్టు) అట్టడుగు 6.80 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించింది. తీగ పొడవు ఎక్కువైందన్నమాట. లెక్క ఇలా: ఉన్న పొడవు 20.6ను 6.80తో గుణించి, 7.10తో భాగిస్తే 19.73. తీయాల్సింది 87 సెంటీమీటర్లు, ఒక్కో వైపు 43. ఒకేసారి 43 తీయకండి. ముందు 35 సెంటీమీటర్లు వెనక్కి మడిచి అదే తీగ చుట్టూ చుట్టి, మళ్లీ కొలిచి, రెండో విడతలో సరిచేసి, అంతా కుదిరాకే కత్తిరించాలి. రెండు వైపులా సమానంగా తగ్గించాలి. చివరికి 7.1 దగ్గర 1.3, బ్యాండు అంచుల్లో 1.7 వచ్చింది. ఇంతకన్నా తగ్గించాలని వారాలు పాటుపడే వాళ్లున్నారు, నేను వద్దంటాను. 1.5 దగ్గర వెనక్కి తిరిగే పవరు నాలుగు శాతం, 2 దగ్గర పదకొండు. చెవికి ఆ తేడా తెలియదు.

సెట్టు విషయానికొస్తే, మన చేతికి దగ్గరగా ఉన్నది బిట్‌ఎక్స్ కుటుంబం. హైదరాబాదుకు చెందిన అషర్ ఫర్హాన్ రూపొందించిన ఆ సర్క్యూట్ ఉద్దేశమే మామూలు బజార్లో దొరికే విడిభాగాలతో ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్, సిగ్నల్‌లో ఒక పక్కనే పంపే పద్ధతి) సెట్టు తయారవ్వాలని. తొలి డిజైన్‌లో కాయిళ్లు చుట్టడానికి కుళాయి వాషర్లు వాడారు. ప్రపంచమంతటా వేలమంది దాన్ని కట్టుకున్నారు. నేను వాడింది దాని తర్వాతి తరం మైక్రోబిట్‌ఎక్స్, 40 మీటర్లలో పది వాట్ల దగ్గర ఇస్తుంది. చివరి దశలో రెండు ఐఆర్‌ఎఫ్510 మాస్‌ఫెట్‌లు (పవరు ట్రాన్సిస్టర్లు). వీటి లోహపు వీపే డ్రెయిన్, అంటే సప్లై వోల్టేజి అక్కడే ఉంటుంది. అబ్రకపు వాషరు లేకుండా హీట్‌సింకుకు బిగిస్తే, అది డబ్బాకు తగిలిన క్షణమే ఫ్యూజు పోతుంది. బయాస్ ప్రీసెట్‌ను (మాస్‌ఫెట్ నిలకడ కరెంటును సరిచేసే చిన్న స్క్రూను) అట్టడుగున పెట్టి, సప్లైతో వరుసలో మల్టీమీటరు ఉంచి, ప్రసారం నొక్కి, మాట్లాడకుండా, ఒక్కో మాస్‌ఫెట్‌కు వంద మిల్లీఆంపియర్లు పెరిగేలా నెమ్మదిగా తిప్పాలి. ఈ ప్రీసెట్ మొదట ఎంత తిప్పినా కదలదు, ఆ తర్వాత వెంట్రుకవాసిలో ఆంపియర్లు దూకుతుంది. డమ్మీ లోడు, అంటే యాంటెన్నాకు బదులు పవరును తినే రెసిస్టరు, లేకుండా ఈ పని చేయకూడదు. 50 ఓములకు, 2 వాట్ల 1000 ఓముల కార్బన్ లేదా మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు ఇరవై సమాంతరంగా వేస్తే సరిపోతుంది. వైర్‌వౌండ్ రెసిస్టర్లు వద్దు, అవి కాయిళ్లలా ప్రవర్తిస్తాయి.

అవతలివాళ్లు "గొంతు ముక్కుతో వస్తోంది" అంటే మైకును తిట్టకండి. బీఎఫ్ఓ (సిగ్నల్‌ను మళ్లీ మాటగా మార్చే లోపలి ఆసిలేటరు) ఫ్రీక్వెన్సీ క్రిస్టల్ ఫిల్టరు అంచుకు సరిగ్గా కూర్చోలేదన్నమాట. మెనూలో యాభై హెర్ట్జ్ చొప్పున జరుపుతూ, తెలిసిన స్టేషన్ గొంతు నిండుగా వినిపించే చోట ఆపాలి. మన రిసీవర్లో నిండుగా వినిపిస్తే మన ప్రసారమూ నిండుగానే వెళుతుంది, ఎందుకంటే రెండిటికీ ఫిల్టరు ఒకటే.

కరెంటు కోసం యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ. ప్రసారంలో రెండు రెండున్నర ఆంపియర్లు లాగుతుంది, వినేటప్పుడు చాలా తక్కువ. సాయంత్రం మూడు గంటలు హాయిగా నడుస్తుంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే 5 ఆంపియర్ల ఫ్యూజు, సెట్టు దగ్గర సప్లైకి అడ్డంగా తిరగేసిన 1ఎన్5408 డయోడు పెట్టాను. తీగలు తారుమారైతే డయోడు షార్టై ఫ్యూజును పోగొడుతుంది, సెట్టు బతుకుతుంది. 11 వోల్టుల కింద వాడితే బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది. గోడ సప్లై కన్నా బ్యాటరీయే మేలని నేను మొదట అనుకున్నది రొద తగ్గుతుందని. కాని దీని అసలు విలువ వేరే. 2004 డిసెంబరులో ఎన్‌ఐఏఆర్ తరఫున భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్ నుంచి హ్యామ్ ప్రసారాలు చేస్తున్నారు. 26న సునామీ వచ్చి ఫోన్లు మూగబోయాక, అక్కడి కబుర్లు ప్రధాన భూభాగానికి చేరవేసింది ఆ బృందం షార్ట్‌వేవ్ సెట్లే. గోడ ప్లగ్గుతో సంబంధం లేకుండా నడిచే స్టేషన్ ఇంట్లో ఉండటం మంచిది.

గాలిలో మాట్లాడే పద్ధతి పరీక్ష పుస్తకాల్లో ఉంటుంది, అలవాటు మాత్రం వింటేనే వస్తుంది. 40 మీటర్లలో మాట్లాడేది ఎల్‌ఎస్‌బీలో, అంటే లోయర్ (కింది) సైడ్‌బ్యాండ్‌లో. ముందు రెండు నిమిషాలు వినాలి. తర్వాత "ఫ్రీక్వెన్సీ వాడకంలో ఉందా" అని కాల్‌సైన్‌తో రెండుసార్లు అడగాలి. మనకు వినపడనంత మాత్రాన ఖాళీ అని కాదు, మనకు రెండోవైపు స్టేషన్ మాత్రమే వినపడక ఉండవచ్చు. పది వాట్లతో సీక్యూ, అంటే "ఎవరైనా జవాబివ్వండి" అని, పిలవడం కన్నా, పిలుస్తున్నవారికి జవాబివ్వడం పది రెట్లు ఫలిస్తుంది. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరం, మామూలు గొంతు. అరిస్తే దూరం పెరగదు, మాట చీలుతుంది. మా డైపోల్ ఎత్తు తరంగదైర్ఘ్యంలో మూడో వంతు, కాబట్టి శక్తిలో పెద్ద భాగం బాగా పై కోణాల్లో లేచి, అయనోస్ఫియర్ (పై వాతావరణంలో సిగ్నళ్లను తిప్పి పంపే పొరలు) నుంచి కిందికి దిగుతుంది. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు స్టేషన్లు పక్కింట్లో ఉన్నట్టు వినిపిస్తాయి. ఎండ ముదిరేకొద్దీ వాటిలో అడుగున ఉండే డి పొర సిగ్నళ్లను పీల్చేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర కరిగిపోయి దూరాలు తెరుచుకుంటాయి. రోహిణీ కార్తె రోజుల్లో సాయంత్రం ఎక్కడో ఉరుములు మొదలైతే బ్యాండంతా టపటపలే. ఆ రోజు 21 లేదా 28 మెగాహెర్ట్జ్ చూసుకోవాలి. ఇదే 40 మీటర్ల డైపోల్ మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ దగ్గర, అంటే 21 మెగాహెర్ట్జ్ దాపున, ట్యూనర్‌తో పని లేకుండానే దాదాపు కుదురుతుంది.

ఇంట్లో అందరూ పడుకున్నాక గొంతెత్తలేం. అప్పటికి కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే ఎఫ్‌టీ8 ఉంది. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే తెచ్చిన ఈ పద్ధతిలో కంప్యూటర్ 15 సెకన్ల వంతుల్లో ప్రసారం చేస్తుంది, ఒక్కో ప్రసారం 12.64 సెకన్లు, వెడల్పు యాభై హెర్ట్జ్. చెవికి రొద తప్ప ఏమీ అందని సిగ్నల్‌ను కూడా అది విడదీస్తుంది. 40 మీటర్లలో దీని చోటు 7.074, సెట్టు మాత్రం యూఎస్‌బీలో, అంటే అప్పర్ (పై) సైడ్‌బ్యాండ్‌లో, ఉండాలి. బ్యాండు అలవాటు కొద్దీ ఎల్‌ఎస్‌బీలో వదిలేసి "ఏమీ డీకోడ్ కావడం లేదు" అనడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. రెండోది గడియారం. కంప్యూటర్ సమయం ఒక సెకనుకు మించి తేడా ఉంటే వంతులు తప్పుతాయి. తెరమీద డీటీ (సమయపు తేడా) వరుసలో అందరి అంకెలూ ఒకేవైపు 1.5 దగ్గర కనిపిస్తే వాళ్లందరూ తప్పు కాదు, మన గడియారమే. మూడోది ఆడియో మోతాదు. సౌండు కార్డు నుంచి మైకు సాకెట్టుకు నేరుగా ఇస్తే చాలా ఎక్కువ. వరుసలో 10 కిలోఓములు, మైకుకు అడ్డంగా 100 ఓములు పెడితే వందో వంతుకు దిగుతుంది. మధ్యలో 600:600 ఓముల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు వేస్తే ల్యాప్‌టాప్ గుర్రు పోతుంది. పవరు మీటరు పెరగడం ఆగిన చోటు నుంచి మోతాదును కాస్త వెనక్కి తగ్గించాలి. లేకపోతే మన ఒక్క సిగ్నల్ పక్కన రెండు మూడు నీడలు పడి, ఇతరుల చోటు తింటాం. పైగా ఇది మాటలా ఆగి ఆగి వెళ్లే ప్రసారం కాదు, పన్నెండు సెకన్లూ పూర్తి బరువే. పది వాట్ల సెట్టును అయిదుకు దించి వాడితే మాస్‌ఫెట్‌లు చల్లగా ఉంటాయి.

ఎఫ్‌టీ8 సంపర్కాల్లో గ్రిడ్ లొకేటరు, అంటే భూమిని గడులుగా విడగొట్టి ఇచ్చే చోటు గుర్తు, చెప్పుకుంటారు. హైదరాబాదు ఎంకే97, విజయవాడ, గుంటూరు ఎన్‌కే06, విశాఖపట్నం ఎన్‌కే17, తిరుపతి ఎంకే93. లాగ్ (సంపర్కాల పుస్తకం) రాసేది అంతర్జాతీయ సమయంలో, మన గడియారం నుంచి అయిదున్నర గంటలు తీసేసి. తెల్లవారుజామున అయిదింటికి చేసిన సంపర్కానికి ముందు రోజు తేదీ వేయాలి. ఇది మరిచిపోతే అవతలి లాగ్‌తో కుదరక, సంపర్కాన్ని ధ్రువీకరించే కార్డులు రావు.

డాబా మన చేతిలో లేని అపార్టుమెంటు వాళ్లకు ఒక కొసన ఫీడు ఇచ్చే హాఫ్‌వేవ్ తీగ దారి చూపిస్తుంది. అదే ఇరవై మీటర్ల తీగ, ఒక కొస బాల్కనీలో, రెండోది దూరంగా ఉన్న చెట్టుకో ఎదుటి పిట్టగోడకో. కొస దగ్గర ఇంపిడెన్స్ రెండు మూడు వేల ఓములుంటుంది కాబట్టి 49:1 ట్రాన్స్‌ఫార్మరు కావాలి. 43 రకం ఎఫ్‌టీ240 రింగు, ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ 14, ప్రైమరీకి అడ్డంగా 100 పీకోఫారడ్ కెపాసిటరు, అది అధిక వోల్టేజి తట్టుకునేది. ఎనామిల్ తీగ మోటార్లు రీవైండింగ్ చేసే కొట్లో తూకానికి ఇస్తారు. ఇది 40, 20, 15, 10 మీటర్ల బ్యాండ్లన్నిటిలో పలుకుతుంది. అయితే కేబులు పైపొరకు కరెంటు ఎక్కే గుణం దీనికి ఎక్కువ, ఇంటి రొద వెంటనే లోపలికొస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి రెండు మూడు మీటర్ల దూరంలో కేబుల్‌కు ముందు చెప్పిన చోక్ వేయాల్సిందే. సంఘం వాళ్ల అనుమతి ముందే, రాతలో తీసుకుంటే తర్వాత మాట రాదు.

ఉరుము వినపడితే కేబుల్‌ను సెట్టు నుంచి పీకి కిటికీ బయట పెట్టాలి. స్విచ్ ఆపితే చాలదు. వేసవి మొదలయ్యాక రాత్రి పడుకునే ముందు పీకడం అలవాటు చేసుకుంటే గాలివాన అర్ధరాత్రి వచ్చినా భయం లేదు. ప్లాస్టిక్ తాళ్లు రెండు ఎండాకాలాలకు పెళుసైపోతాయి, మే నెల గాలిదుమారాల లోపు మార్చాలి.

వానలు వెనక్కి పట్టాక కేబుల్ పరీక్ష తప్పక చేయాలి. కనెక్టరు దగ్గర టేపు విడిపోయి నీరు దిగితే, అల్లిక దారంలా నీటిని లోపలికి లాక్కుంటుంది. విచిత్రమేమిటంటే, అప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ బాగుపడినట్టు కనిపిస్తుంది. వెనక్కి తిరిగే పవరును కూడా తడిసిన కేబులే తినేస్తుంది కాబట్టి మీటరుకు ఏమీ తిరిగి రాదు. నిరుడు 1.3 చూపిన తీగ ఈ ఏడు బ్యాండంతా 1.1 చూపిస్తే సంతోషించకండి. పైకెక్కి, నడుము బాక్సు దగ్గర కేబుల్ విప్పి, కొసను వట్టిగా వదిలేసి, కింద కొలవండి. బాగున్న ఇరవై మీటర్ల ఆర్‌జీ-58 అయితే 7 మెగాహెర్ట్జ్‌లో పది దగ్గర చూపాలి. కొసన ఏమీ లేకపోయినా 2 చూపిస్తోందంటే కేబుల్ ఒక్క దారిలోనే అయిదు డెసిబెళ్లు మింగుతోంది. పది వాట్లు పంపితే తీగకు చేరేది మూడు. అలాంటి కేబుల్‌ను ఎండబెట్టినా తిరిగి రాదు. పై కొసన మీటరు కోసి చూస్తే అల్లిక నల్లగా ఉంటుంది. మెరిసే రాగి కనిపించేదాకా కోసి, మళ్లీ కనెక్టరు వేసి కొలవండి. అంకె ఇంకా పెరగకపోతే కొత్త కేబుల్ లాగేయడమే. ఈసారి కనెక్టరుకు ముందు మామూలు ఇన్సులేషన్ టేపు, దాని మీద సాగే రబ్బరు టేపు, పైన మళ్లీ ఇన్సులేషన్ టేపు, కింది నుంచి పైకి చుట్టుకుంటూ వెళ్లాలి, పెంకుల మీద నీరు జారినట్టు జారిపోతుంది. బాక్సుకు కిందివైపు చిన్న చిల్లు పెట్టి, కేబులు అందులోకి ఎక్కేముందు ఒక వంపు కిందికి దిగేలా వదిలేయండి.